మంచుగోడ ఎక్కబోయే విద్యార్థికి పాదం కొలిచి బూటు ఇవ్వాలి

పర్వతారోహణ శిక్షణ సంస్థల నిర్వాహకులకు, విద్యార్థులను శిక్షణకు పంపే ప్రభుత్వ శాఖలకు, వారి తల్లిదండ్రులకు విజ్ఞప్తి

బూటు అడుగున బిగించే ఉక్కు ముళ్ల చట్రాన్ని క్రాంపాన్ అంటారు. ముందుకు పొడుచుకువచ్చే పళ్లతో తయారైన క్రాంపాన్లు 1930ల నాటికి ఆల్ప్స్ పర్వతాల్లో వాడుకలోకి రావడంతో, అంతవరకు గొడ్డలితో మెట్లు చెక్కుకుంటూ ఎక్కవలసి వచ్చిన మంచుగోడలను కాలితో తన్ని, పళ్లు నాటుకున్నాక వాటి మీదే నిలబడి ఎక్కడం సాధ్యమైంది. డార్జిలింగ్‌లో 1954లో ఏర్పడిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, ఉత్తరకాశీలో 1965లో ఏర్పడిన నెహ్రూ పర్వతారోహణ సంస్థలోనూ శిక్షణకు చేరినవారికి హిమానీనదం మీద, అంటే ఏళ్ల తరబడి పేరుకుని మెల్లగా కిందికి జరిగే మంచు ప్రవాహం మీద, ఈ విద్య నేర్పుతారు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం చేరిన నాటి నుంచి, ఆ గురుకులాల్లో చదివే పిల్లలు భువనగిరి కొండ మీద మొదలుపెట్టి హిమాలయాల దాకా వెళ్లగలరని తెలుగు నేల నమ్మింది. ఆ నమ్మకంతో పంపే పిల్లల కాలివేళ్ల బాధ్యత కూడా పంపేవారిదే.

మంచుగోడ మీద వేళ్లు ఎందుకు నొస్తాయో ముందుగా తెలుసుకోవాలి, ఎందుకంటే దీనికి సాధారణంగా చెప్పే విరుగుడే తరచుగా బాధను పెంచుతుంది. క్రాంపాన్ పళ్లు గోడకు తగిలిన క్షణంలో బూటు ఆగిపోతుంది గాని, లోపలి పాదం ఆ వేగంతోనే ముందుకు సాగుతుంది. మడమ బూటులో స్థిరంగా కూర్చుని ఉంటే ఆ కదలికను చీలమండ దగ్గరి పట్టు ఆపుతుంది, మడమ వదులుగా ఉంటే బొటనవేలి గోరే బూటు ముందుగోడకు కొట్టుకుని ఆగవలసి వస్తుంది. ఒక్క గోడ ఎక్కేసరికి ఇటువంటి తాకిడులు వందల్లో ఉంటాయి కాబట్టి, గోరు కింద రక్తం చేరి నల్లబడడం, కొన్నాళ్లకు గోరు ఊడిపోవడం జరుగుతాయి. వేళ్లు నొస్తున్నాయని విద్యార్థి చెప్పగానే ఒక నంబరు పెద్ద బూటు ఇవ్వడం సులువైన పని. కానీ పెద్ద బూటులో మడమకు పట్టు మరింత తగ్గుతుంది, పాదం మరింత దూరం జారుతుంది, తాకిడి మరింత బలంగా తగులుతుంది. మంచు ఎక్కే బూటు అడుగు వంగని గట్టి పలక కావడం వల్ల, మామూలు బూటు మాదిరిగా అది పాదంతో పాటు వంగి మడమను పట్టి ఉంచదన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఇక బిగుతు బూటు చేసే హాని నొప్పితో ఆగదు. వేళ్లను నొక్కిపెట్టిన చోట రక్తప్రసారం తగ్గుతుంది, రక్తం అందని వేలికి వేడి అందదు, వేడి అందని కణజాలం సున్నాకు కొంచెం దిగువ ఉష్ణోగ్రతలోనే గడ్డకట్టడం మొదలవుతుంది. దీనినే మంచుకాటు అంటారు. 1950 జూన్ 3న అన్నపూర్ణ శిఖరం ఎక్కిన ఫ్రెంచి ఆరోహకులు మారిస్ హెర్జోగ్, లూయీ లాషెనాల్ ఇద్దరూ ఆ యాత్రలోనే మంచుకాటు వల్ల కాలివేళ్లు పోగొట్టుకున్నారు. నాటి తోలు బూట్లకన్నా నేటి రెండు పొరల బూట్లు, అంటే గట్టి చిప్ప లోపల విడిగా తీయగలిగే మెత్తటి తొడుగు ఉన్నవి, ఎంతో మేలైనవే. అయినా చలికి భయపడి ఆ తొడుగులో రెండు మూడు జతల సాక్సులు కూరినప్పుడు బూటిచ్చే రక్షణను ఆ సాక్సులే హరిస్తాయి.

నంబరు చెప్పి బూటు తీసుకునే పద్ధతిలోనే అసలు లోపం ఉంది. బ్రిటిష్ నంబరులో ఒక అంచెకు, అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. యూరప్ నంబరులో ఒక అంచె దాదాపు 6.7 మిల్లీమీటర్లు. మంచుగోడ మీద గోరుకూ బూటు ముందుగోడకూ మధ్య ఉండవలసిన జాగా ఇంచుమించు ఒక సెంటీమీటరే అయినప్పుడు, ఒక్క అంచె తేడాతో ఆ జాగా దాదాపుగా మాయం కావచ్చు. పైగా నంబరు చెప్పేది పొడవును మాత్రమే. ప్రతి తయారీదారూ ఒక అచ్చు మీద, అంటే పాదం ఆకారంలో మలిచిన దిమ్మె మీద బూటు కుడతాడు గనుక, ఒకే నంబరున్న రెండు బూట్ల వెడల్పు, పాదం పైభాగపు ఎత్తు వేరువేరుగా ఉంటాయి. ఈ బూట్లలో ఎక్కువ భాగం యూరప్ అచ్చుల మీద తయారైనవి. దక్షిణ భారతంలో చెప్పులు లేకుండా నడిచే అలవాటున్నవారి పాదాలను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనం, వారి పాదాలు చెప్పులు తొడిగేవారి పాదాలకన్నా వెడల్పుగా ఉన్నాయనీ, పాశ్చాత్యుల పాదాలు ఈ రెండు వర్గాల వారికన్నా సన్నగా ఉన్నాయనీ తేల్చింది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ లక్ష మందికి పైగా భారతీయుల పాదాలను కొలిచి, దేశానికి ‘భ’ అనే సొంత కొలతల పద్ధతిని ప్రతిపాదించడానికి కూడా ఈ వెడల్పే ఒక కారణం. పొలంగట్ల మీద చెప్పులు లేకుండా తిరిగిన విద్యార్థి పాదం సన్నని అచ్చులో ఇమడకపోతే, అది పాదం తప్పు కాదు.

అందువల్ల శిక్షణకు ఎంపికైన ప్రతి విద్యార్థి పాదాన్ని బయలుదేరక ముందే కొలిచి, ఆ వివరాలను దరఖాస్తుతో పాటు సంస్థకు పంపాలని ఈ కరపత్రం కోరుతున్నది. దీనికి యంత్రం అక్కరలేదు. రోజంతా నడిచాక పాదం కొంత ఉబ్బుతుంది గనుక సాయంత్రం వేళ, మడమను గోడకు ఆనించి, బరువు పాదం మీద పడేలా కాగితం మీద నిలబడితే, అన్నిటికన్నా పొడవైన వేలి కొన దాకా పొడవును, వేళ్ల మొదట్లో వెడల్పును మిల్లీమీటర్లలో గుర్తించవచ్చు. కొందరికి బొటనవేలి పక్కవేలే పొడవుగా ఉంటుంది, రెండు పాదాలూ సమానంగా ఉండవు; పెద్ద పాదం కొలతే లెక్కలోకి రావాలి.

బూటు చేతికి వచ్చాక చేయవలసిన పరీక్ష ఇంకా ముఖ్యమైనది. లోపలి తొడుగు తీసి ఖాళీ చిప్పలో పాదం పెట్టి, వేళ్లు ముందుగోడను తాకేలా జరిపినప్పుడు మడమ వెనుక ఒకటి నుంచి రెండు వేళ్ల మందం జాగా మిగలాలి. ఆ తరువాత కొండ మీద వాడబోయే సాక్సుతోనే తొడుగు వేసుకుని, వేళ్ల దగ్గర లేసు వదులుగానూ పాదం పైన, చీలమండ దగ్గర గట్టిగానూ బిగించి, వాలుగా ఉన్న పలక మీద కిందికి దిగాలి, గోడను ముందుకొనతో పలుమార్లు తన్నాలి, మెట్టు అంచున ముందుపాదం మీద నిలబడాలి. వేళ్లు ముందుకు కొట్టుకున్నా, మడమ లేచినా, వేళ్లను ఆడించడానికి వీలు లేకపోయినా ఆ జత ఆ పాదానిది కాదు. కనీసం అరగంట తొడిగి ఉంచితే గాని ఎముక మీద ఒత్తిడి పడే చోట్లు బయటపడవు. మడమ కొద్దిగా మాత్రమే వదులైతే మందపాటి లోపలి అట్టతో సరిచేయవచ్చు. కొన్ని రకాల తొడుగులను వేడిచేసి పాదానికి తగినట్టు మలచవచ్చు. నేర్పరి చేతిలో గట్టి ప్లాస్టిక్ చిప్పను కూడా ఒత్తిడి ఉన్న చోట కొంత వెడల్పు చేయవచ్చు.

ఇంత చేయడానికి గోదాములో అర నంబర్లు, వెడల్పు అచ్చువి, ఆడపిల్లల చిన్న పాదాలకు సరిపడేవి తగినన్ని జతలు ఉండాలి. బూట్లు పంచే రోజున తొందర పెట్టకుండా కనీసం ఒక పూట కేటాయించాలి. హిమానీనదానికి బయలుదేరే దాకా ఏ విద్యార్థి అయినా సంకోచం లేకుండా జత మార్చుకునే వీలు రాతపూర్వకంగా ఉండాలి. ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే గాని, ప్రయాణానికి, శిక్షణ రుసుముకు, దుస్తులకు వెచ్చించాక సరిపోని జత వల్ల ఒక విద్యార్థి సగంలో వెనక్కి వస్తే ఆ మొత్తమంతా వృథా అవుతుంది. పంపే శాఖ తన వంతుగా మంచి ఊలు సాక్సులు, లోపలి అట్టలు కొనిచ్చినా, సంస్థలో తగిన జత లేని వారికి బయట అద్దెకు తెచ్చుకునే సొమ్ము మంజూరు చేసినా సమస్యలో పెద్ద భాగం తీరుతుంది.

నొప్పి ఓర్చుకోవడం శిక్షణలో భాగమేనన్న మాట కొందరు పెద్దలు సద్భావంతోనే అంటారు. అలసట, చలి, ఆకలి, భయం ఓర్చుకోవలసినవే. కానీ వేలి నొప్పి శరీరం పంపే హెచ్చరిక, అది ఆగిపోయి తిమ్మిరి ఎక్కడమంటే ప్రమాదం తీరిందని కాదు, మొదలైందని. పల్లె నుంచి వచ్చిన పదిహేనేళ్ల పిల్ల, ఫిర్యాదు చేస్తే తనను వెనక్కి పంపుతారేమోనన్న భయంతో, ఆ తిమ్మిరిని దాచుకుంటుంది. కాబట్టి ప్రతి సాయంత్రం గుడారంలో బూట్లు విప్పించి, ప్రతి విద్యార్థి వేళ్ల రంగు, స్పర్శ, గోళ్లు శిక్షకుడే స్వయంగా చూసి పుస్తకంలో నమోదు చేయాలి. ఆడపిల్లలున్న జట్టులో ఆ పని మహిళా శిక్షకురాలు చేయాలి. వచ్చే శిక్షణకు విద్యార్థులను ఎంపిక చేసే శాఖలు వైద్య ధ్రువపత్రంతో పాటు పాదం కొలతల పత్రాన్ని కూడా తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇవ్వాలి, బూట్లు కొనే సంస్థలు ఆ పత్రాలను చూసిన తరువాతే జతల జాబితా ఖరారు చేయాలి.