రిపోర్టులో 'నెగెటివ్' అని చూసి ఊరుకోవద్దు



పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లలు కొందరుంటారు. వారి ఒంట్లో యాంటీబాడీలు సరిగా తయారు కావు. అందుకని వేలాది మంది దాతల ప్లాస్మా నుంచి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను మూడు నాలుగు వారాలకొకసారి సెలైన్ లాగా నరానికి ఎక్కిస్తారు. కొంగరకలాన్ వంటి ఊళ్ల నుంచి ఇందుకోసం నీలోఫర్ లాంటి పెద్దాసుపత్రికి పోవలసిందే. మధ్యలో జ్వరమొస్తే మాత్రం దగ్గరలోని మనలాంటి చోటికి తెస్తారు. ఫైలులో 'హెచ్.సి.వి. నెగెటివ్' అని చూసి "కామెర్ల భయం లేదమ్మా" అని మేమూ తల్లులకు చెప్పాము. అలా చెప్పి ఉండకూడదు.

మామూలుగా చేసే ఆ పరీక్ష వైరస్‌ను వెతకదు, వైరస్ మీద ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీని వెతుకుతుంది. యాంటీబాడీ తయారుకాని బిడ్డకు అది ఎలా కనబడుతుంది? కాలేయంలో వైరస్ ఏళ్ల తరబడి ఉన్నా కాగితం మీద నెగెటివే వస్తుంది. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో పాటు వచ్చిన దాతల యాంటీబాడీలు బిడ్డ రక్తంలో కనబడి, లేని హెపటైటిస్-బి సోకిందేమోనని తల్లి హడలిపోతుంది. కాబట్టి ఇటువంటి వారికి హెపటైటిస్-సి కొరకు ఆర్.ఎన్.ఏ. పరీక్షే, అదీ అప్పుడప్పుడు మళ్లీ చేయించాలని డాక్టరు గారిని అడగండి. కీమోథెరపీలో ఉన్నవారు, ఎయిడ్స్ ముదిరినవారు కూడా అడగవలసినదే.

ఇది ఉత్త భయం కాదు. 1993-94లో అమెరికాలో గామాగార్డ్ అనే ఇమ్యునోగ్లోబ్యులిన్ వల్ల వందమందికి పైగా హెపటైటిస్-సి బారిన పడ్డారు. 1994 ఫిబ్రవరిలో కంపెనీ దానిని వెనక్కి తీసుకుంది. ఆ తరువాత తయారీలోనే వైరస్‌ను చంపే శుద్ధి తప్పనిసరి అయింది. ఇప్పటి మందు చాలా సురక్షితం. మా మాట చదివి ఎవరూ మందు మానవద్దు. అయితే బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చే ఎర్రరక్తకణాల సంచికి ఆ శుద్ధి ఉండదు. మన దేశంలో 2001 నుంచి ప్రతి సంచికీ హెపటైటిస్-సి పరీక్ష తప్పనిసరి. కానీ దాతకు కొత్తగా సోకితే యాంటీబాడీ కనబడటానికి వారాలు పడుతుంది. వైరస్‌నే పట్టుకునే న్యాట్ పరీక్ష అన్ని బ్లడ్ బ్యాంకులలోను లేదు. అందుకే "నీరసంగా ఉంది, బలానికి ఒక సీసా రక్తం ఎక్కించండి సిస్టరమ్మా" అనేవారి మీద మాకు కోపం వస్తుంది. బలానికి రాగులు, బెల్లం, ఆకుకూరలు ఉన్నాయి.

ఇక మా నర్సుల సంగతి. గామాగార్డ్ లాంటిదే రేపు మళ్లీ జరిగితే, ఫలానా బ్యాచ్ వెనక్కి ఇవ్వండి అని కబురొస్తుంది. ఏ బిడ్డకు ఏ బ్యాచ్ పోయిందో ఎవరు చెబుతారు? సీసా ఖాళీ అయ్యాక అట్టపెట్టె చెత్తబుట్టలో పోతుంది. కేసు షీటులో మందు పేరు, మోతాదు, టైము రాసి, బ్యాచ్ నంబరు రాయని రోజులు మాకూ ఉన్నాయి. వార్డు నిండా పేషెంట్లుంటే తీరిక ఎక్కడిది అంటారు చిన్న సిస్టర్లు. అర నిమిషం పని అది. బ్యాచ్ నంబరు గానీ రక్తం సంచి నంబరు గానీ కేసు షీటులోనే కాదు, తల్లి చేతి నోటుబుక్కులో కూడా రాసివ్వాలి. కేసు షీటు ఆసుపత్రిలోనే ఉండిపోతుంది, బిడ్డ మాత్రం నాలుగు ఆసుపత్రులు తిరుగుతుంది.

వైరస్ బయటపడితే చేసేదేముందని కొందరు అడుగుతారు. ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లతో పిల్లలు నానా బాధ పడేవారు, ఈ రోగులకు అది సరిగా పనిచేసేదీ కాదు. ఇప్పుడు సోఫోస్‌బువిర్ మాత్రలున్నాయి. 2015లో మన హైదరాబాదు నాట్కో కంపెనీ కూడా వాటిని తక్కువ ధరకు తెచ్చింది. 2018 జూలైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం. వేరే మాత్రతో కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే చాలామందికి నయమవుతుంది. నిరోధక శక్తి లేనివారికి కాలేయం త్వరగా పాడవుతుంది గనుక ఆలస్యం చేయరాదు.

నోటుబుక్కు లేని తల్లులు ఈసారి వచ్చినప్పుడు వార్డు సిస్టర్‌ను అడగండి.