స్టెప్నీ లేని సింగారం

మన మెకానిక్కులు రోజుకి పదిసార్లు వాడే ‘స్టెప్నీ’ అన్న మాటని లండన్ వెళ్లి వాడి చూడండి. ‘స్టెప్నీ ఎక్కడుంది?’ అని అడిగితే అక్కడివాళ్లు డిక్కీ చూపించరు... ఆ పేరుతో ఉన్న పేటకి దారి చెబుతారు. టైరుకీ ఆ మాటకీ ఉన్న చుట్టరికాన్ని ఇంగ్లిష్‌వాళ్లు ఎప్పుడో మర్చిపోయారు. మనం మర్చిపోలేదు. బంగ్లాదేశ్‌వాళ్లు, మాల్టావాళ్లు మర్చిపోలేదు. బ్రెజిల్‌లో అయితే దాన్నే కాస్త సాగదీసి ‘ఎస్తెపి’ అంటారు. (మన సినిమా డైలాగుల్లో ఆ మాటకున్న వేరే అర్థం జోలికి ఆదివారంపూట మనకెందుకు గానీ!)

ఇంతకీ ఆ పేరెలా వచ్చింది? మొదట్లో కార్లకి అదనపు చక్రం ఉండేది కాదు. రోడ్ల మీద గుర్రపు నాడాల మేకులు. పంక్చరైతే దారిలోనే కూర్చుని టైరు విప్పి, ట్యూబు అతికించి, మళ్లీ బిగించుకోవాలి. 1904లో వేల్స్‌లోని లానెల్లీ అనే ఊళ్లో డేవిస్ సోదరులు దీనికో ఉపాయం కనిపెట్టారు. ఊచల్లేని ఒక రిమ్ము, దాని మీద గాలి నింపిన టైరు. పంక్చరైన చక్రాన్ని విప్పక్కర్లేదు, దాని పక్కనే దీన్ని క్లాంపులతో బిగించి వెళ్లిపోవడమే. వాళ్ల దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఆ వీధి పేరే చక్రానికి అంటుకుంది, దొరల కార్లతోపాటు మనదాకా వచ్చింది.

వందేళ్లు తిరిగేసరికి కథ మళ్లీ మొదటికొచ్చింది. కార్లలోంచి స్టెప్నీ మాయమైపోతోంది. అమెరికాలో వాహనదారుల సంఘం ‘ట్రిపుల్ ఏ’ లెక్క ప్రకారం 2006 మోడల్ కార్లలో స్టెప్నీ లేనివి 5 శాతమే. 2015 మోడళ్లకొచ్చేసరికి అవి 36 శాతం! ఈ దారిలో ముందు నడిచినవి స్పోర్ట్స్ కార్లు. మాజ్దా ఎంఎక్స్-5లో 2005లో వచ్చిన మూడో తరం నుంచి స్టెప్నీ లేదు. షెవర్లే కార్వెట్‌లో 1997 మోడల్ నుంచే లేదు. స్టెప్నీయే కాదు, జాకీ కూడా ఇవ్వలేదు.

లక్షల డాలర్లు పోసి కొనే కార్లో నాలుగు వందల రూపాయల పాత టైరైనా పెట్టరేం? పిసినారితనం కాదు, దానికి లెక్కలున్నాయి. స్టెప్నీ, జాకీ, పానా కలిపితే ఓ ఇరవై కిలోల బరువు. పది కిలోలు తగ్గించడానికి ఇంజినీర్లు తలలు బద్దలుకొట్టుకునే కార్లో అది తక్కువేం కాదు. పైగా అంత చక్రం పెట్టడానికి చోటేదీ? అసలు చిక్కు ఇంకోటుంది. ఆ 1997 కార్వెట్‌నే తీసుకోండి. ముందు చక్రం రిమ్ము 17 అంగుళాలు, వెనకది 18. టైరు వెడల్పు ముందు 245 మిల్లీమీటర్లు, వెనక 275. ఇప్పుడు చెప్పండి, డిక్కీలో ఏ చక్రం పెట్టాలి? ముందుది పెడితే వెనక్కి సరిపోదు, వెనకది పెడితే ముందుకి పట్టదు. పోనీ సన్నపాటి చిన్న చక్రం ఏదైనా పెడదామంటే పెద్ద బ్రేకులకి తగులుతుంది. పోర్షెవాళ్లు 911లో కొన్నేళ్లపాటు గాలి తీసి ముడిచిన స్టెప్నీని, దాన్ని నింపడానికి కరెంటు పంపుని పెట్టారు. తర్వాత్తర్వాత వాళ్లూ జిగురుసీసాకే మారిపోయారు.

మరి కార్వెట్‌కి పంక్చరైతే ఎలా? దానికి రన్‌ఫ్లాట్ టైర్లు వేశారు. ఈ టైర్ల పక్కగోడలు మామూలువాటికన్నా మందంగా, బిరుసుగా ఉంటాయి. గాలి పూర్తిగా పోయినా కారు బరువుని ఆ గోడలే మోస్తాయి. ఇప్పటి రన్‌ఫ్లాట్లలో ఎక్కువవాటికి కంపెనీలు చెప్పే హద్దు ఒకటే... గంటకి 80 కిలోమీటర్లు దాటని వేగంతో, 80 కిలోమీటర్ల దూరం. ఈ టైర్లలో గాలి పోయిన సంగతి డ్రైవరుకి ఒక్కోసారి తెలియను కూడా తెలియదు. అందుకే గాలి తగ్గితే హెచ్చరించే మీటరు తప్పనిసరి. 1980ల్లో వచ్చిన పోర్షె 959లోనే ఆ ఏర్పాటు ఉండేది.

మా తమ్ముడి కొడుకు టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్లికి ముందు ఒక్క సరదా తీర్చుకుంటానని వాళ్లమ్మని ఒప్పించి పాత కార్వెట్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ‘పెదనాన్నా, దీనికి పంక్చరైనా పర్లేదు, టైరు నడుస్తూనే ఉంటుంది’ అని వీడియో కాల్‌లో తెగ మురిసిపోయాడు. ఓ శనివారం సాయంత్రం శాన్ ఆంటోనియో నుంచి ఎల్‌పాసో వెళ్తున్నాడు. ఫోర్ట్ స్టాక్‌టన్ దాటింది. అక్కణ్నుంచి వాన్‌హార్న్ దాకా దాదాపు 190 కిలోమీటర్లు, మధ్యలో చెప్పుకోదగ్గ ఊరు లేదు. గంటకి 80 మైళ్లు, అంటే దాదాపు 129 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉన్న రోడ్డది. మీటరు మీద వెనక కుడి టైరు ప్రెషర్ పడిపోవడం మొదలైంది. ముప్ఫై, ఇరవై, పన్నెండు... ‘రన్‌ఫ్లాట్ కదా’ అనుకుంటూ ఇంకో మూడు కిలోమీటర్లు పోనిచ్చాడు. రబ్బరు కాలిన వాసనొచ్చింది.

దిగి చూస్తే అవి రన్‌ఫ్లాట్ టైర్లు కావు! పాత యజమాని ఎప్పుడో వాటిని తీసేసి మామూలు టైర్లు వేయించేశాడు. అందులో వింతేం లేదు. రన్‌ఫ్లాట్లు ఖరీదెక్కువ, గతుకుల్లో నడుం విరగ్గొడతాయి, కాబట్టి చాలామంది అరిగిపోగానే మామూలువి వేయించేస్తారు. కంపెనీవాళ్లే 2001 కార్వెట్ జెడ్06లో బరువు తగ్గించడానికి రన్‌ఫ్లాట్లు తీసేశారు. కాకపోతే వాళ్లు బదులుగా జిగురు, పంపు ఇచ్చారు. మావాడికి కారు అమ్మినాయన అవీ ఇవ్వలేదు, ఆ ముక్కా చెప్పలేదు. స్టెప్నీ లేదు, జాకీ లేదు, జిగురు లేదు. ట్రిపుల్ ఏ సభ్యత్వం ఉంది గానీ అది అన్నిట్లోకీ చౌకది... ఐదు మైళ్ల వరకే ఉచితంగా లాక్కెళ్తారు. వంద మైళ్లు కావాలంటే దాని పై తరగతి ‘ప్లస్’ ఉండాలి. మిగతా దూరానికి వీడే డబ్బు కట్టుకున్నాడు. ఆదివారం షాపు మూత. సోమవారం తెరిచారు గానీ ఆ సైజు టైరు లేదు. మంగళవారం వచ్చింది. మూడు రాత్రులు మోటెల్లో!

టైరు విప్పితే బయటపడింది ఏమిటంటే, నడిమధ్యలో దిగిన చిన్న స్క్రూ. వెంటనే ఆపి ఉంటే పది నిమిషాల్లో పురి పెట్టి పోయే పని. గాలి లేకుండా మూడు కిలోమీటర్లు దొర్లేసరికి పక్కగోడ లోపల్నుంచి నలిగి పొడైపోయింది. అలా నలిగిన టైరు బయటికి బాగానే కనిపిస్తుంది, కానీ మళ్లీ గాలి కొడితే ఎప్పుడు పేలుతుందో చెప్పలేం.

అందుకే సెకండ్‌హ్యాండ్ కారు ఏదైనా సరే, కొనేముందు టైరు పక్కగోడ మీద అక్షరాలు చదవాలి. రన్‌ఫ్లాట్ అయితే కంపెనీని బట్టి ‘ఈఎంటీ’, ‘జడ్‌పీ’, ‘ఆర్ఎఫ్‌టీ’, ‘ఎస్ఎస్ఆర్’ లాంటి గుర్తు ఒకటుంటుంది. నాలుగు టైర్ల మీదా ఉందో లేదో వంగి చూడండి. మూడింటికుండి ఒకదానికి లేకపోతే ఏ చక్రం పంక్చరవ్వాలో మేకుకి మీరే చెప్పుకోవాలి.

ఇక జిగురు సంగతి. స్టెప్నీ లేని కార్లలో ఎక్కువగా ఇచ్చేది ఇదే. ఓ సీసాలో రబ్బరుపాల లాంటి ద్రవం, ఓ చిన్న పంపు. వాల్వు గుండా ద్రవాన్ని ఎక్కించి, గాలి నింపి, వెంటనే బయల్దేరాలి. చక్రం తిరిగితేనే అది లోపలంతా పరుచుకుని రంధ్రంలోకి వెళ్తుంది. పది నిమిషాలు నడిపాక ఆపి ప్రెషర్ చూడాలి. 19 పీఎస్ఐ కన్నా తగ్గిపోయి ఉంటే ఇక ఆ టైరుతో ముందుకెళ్లకూడదు. నిలిచి ఉంటే మళ్లీ నింపుకుని, 80 దాటకుండా షాపు చేరుకోవచ్చు. మేకుని మాత్రం పీకొద్దు! అదే సగం బిరడాగా పనిచేస్తుంది. ఈ మందు పనిచేసేది టైరు నేలకానే భాగంలో 4 నుంచి 6 మిల్లీమీటర్ల వరకు ఉన్న రంధ్రాలకే. పక్కగోడ చిరిగితే సీసాలు నాలుగు పోసినా దండగే. మందుకి గడువు తేదీ కూడా ఉంటుంది, సీసా మీద అచ్చేస్తారు. ఇంట్లో దగ్గుమందు సీసా మీద తేదీ చూసేవాళ్లు కూడా దీన్ని చూడరు. ఇంకోటి... షాపులో టైరు విప్పేముందే ‘లోపల జిగురు పోశాం’ అని చెప్పండి. చెప్పకపోతే కుర్రాడి చొక్కా నిండా అదే.

నన్నడిగితే ఊళ్లో తిరిగే కారుకి జిగురుసీసా చాలు. ఊరు దాటి వెళ్లేవాళ్ల దగ్గర మాత్రం మన పంక్చర్ షాపుల్లో వాడే ట్యూబ్‌లెస్ కిట్టు, 12 వోల్టుల పంపు ఉండాల్సిందే. రంధ్రాన్ని ఆకురాయి పుల్లతో గీరి, జిగురు పురిని సూదితో లోపలికి నెట్టి, మిగిలింది కోసేయడం... బైకువాళ్లు ఎందరో ఇంట్లో చేసుకుంటున్న పనే. కార్లో అయితే జాకీ లేకపోయినా ఫర్వాలేదు. ముందు చక్రమైతే స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు బయటికి కనిపిస్తుంది. వెనక చక్రమైతే కారుని కాస్త ముందుకి దొర్లించి మేకు చేతికందేలా ఆపుకోవాలి. పురి తాత్కాలికమే. తర్వాత టైరు విప్పించి లోపల్నుంచి ప్యాచ్ వేయించాలి. అలా బాగుచేసిన టైరుతో గంటకి రెండొందలు కొడతానంటే టైరు కంపెనీలే ఒప్పుకోవు.

చుట్టుపక్కల వాళ్లు సాయానికొచ్చి జాకీ పెట్టబోతే మాత్రం మొహమాటపడకుండా ఆపండి. ఈ కార్లు నేలకి జానెడెత్తులో ఉంటాయి. మామూలు జాకీ కిందికి దూరదు. దూరినా ఎక్కడపడితే అక్కడ ఎత్తకూడదు. కార్వెట్ ఒళ్లు ఇనుప రేకు కాదు, ఫైబర్ లాంటి పదార్థం. ఫ్రేములో దానికని ఇచ్చిన గాడులుంటాయి, అక్కడే ఎత్తాలి. కొన్ని కార్లకి చక్రానికి అయిదు నట్లు బదులు నడుమ ఒక్కటే పెద్ద నట్టు ఉంటుంది. పోర్షె జీటీ3 లాంటివాటిలో దాన్ని 600 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. మామూలు కారు నట్టుకి అందులో ఐదో వంతు చాలు! అది రోడ్డు పక్కన అయ్యే పని కాదు. కొక్కెం తగిలించి ఈడ్చే బండి కాకుండా, కారు మొత్తాన్ని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ కావాలని ఫోన్‌లోనే గట్టిగా చెప్పాలి.

‘మాకు కార్వెట్లూ పోర్షెలూ ఎక్కడివండీ’ అంటారా? 2020 అక్టోబరు 1 నుంచి మన దేశంలోనూ మోటారు వాహనాల నిబంధనలు మారాయి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే మీటరు, పంక్చర్ కిట్టు ఉంటే మూడున్నర టన్నుల లోపు కార్లకి స్టెప్నీ అక్కర్లేదు. బ్యాటరీకీ, గ్యాస్ సిలిండర్‌కీ చోటు కావాలి కదా... కొన్ని ఎలక్ట్రిక్, సీఎన్‌జీ కార్లు ఇప్పటికే స్టెప్నీ లేకుండా వస్తున్నాయి. మీ డిక్కీలో చాప ఎత్తి చూశారా ఎప్పుడైనా?

అయితే మన దగ్గర జబ్బు వేరు. అమెరికాలో ఎక్కువ భయం మేకుతో, ఇక్కడ గుంతతో. సన్నపాటి అంచున్న టైరు గుంతలో పడితే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య పక్కగోడ నలిగి చిరుగుతుంది. అప్పుడు జిగురు, పురి రెండూ పనిచేయవు. చెట్టుకి టైరు వేలాడదీసిన షాపు అడుగడుక్కీ ఉన్నా, ఇనుప కడ్డీలతో అల్లాయ్ రిమ్ము మీద టైరు విప్పితే రిమ్ము అంచు పోతుంది. రన్‌ఫ్లాట్ అయితే ఆ కడ్డీలకి లొంగనే లొంగదు, యంత్రం కావాలి.

రాత్రిపూట జాతీయ రహదారి మీద ఇలా ఆగిపోతే 1033కి ఫోన్ చేయండి. హజార్డ్ లైట్లు వేసి, త్రికోణం బోర్డు బాగా వెనక పెట్టి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ కార్లోంచి దించి రెయిలింగ్ అవతలికి పంపండి. ‘చలిగా ఉంది, లోపలే కూర్చోనివ్వండి’ అని బామ్మగారు అన్నా సరే. ఆగి ఉన్న కారుని వెనకనుంచి లారీ గుద్దిన వార్తలు మన పేపర్లోనే చదువుతున్నాం కదా.

బీమా కాగితాలు కూడా ఓసారి తీసి చూడండి. మామూలు ప్యాకేజీ పాలసీలో టైరు ఒక్కటే పాడైతే పైసా రాదు. కారుకి కూడా దెబ్బ తగిలితేనే, అదీ టైరు ఖరీదులో సగం. టైరుకి విడిగా యాడ్-ఆన్ అమ్ముతున్నారు. దారిలో సాయానికి ఇంకోటి. అందులో ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితంగా తీసుకెళ్తారో, ఫ్లాట్‌బెడ్ పంపుతారో లేదో రెన్యువల్ రోజునే ఏజెంటుని అడిగేయండి.