ఏమివ్వాలో ఎవరు చెప్పాలి?

2004 సునామీ తర్వాత నాగపట్నం తీరంలో దాతలు పంపిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. సర్వం పోగొట్టుకున్న జాలరుల్లోనూ చాలామంది వాటిని ముట్టలేదు. పేదరికానికీ అభిమానం ఉంటుంది.

దిల్లీలోని గూంజ్ సంస్థ పాత నూలుబట్టను శుభ్రం చేసి, నెలసరికి పనికొచ్చే ప్యాడ్లుగా కుట్టిస్తోంది. బట్ట అదే, అవసరం తెలిసిన చేయి పడింది.

పాత్రత ఎరిగి దానం చేయమన్నారు పెద్దలు. ఆ పాత్రత పుచ్చుకునే మనిషికే కాదు, ఇచ్చే వస్తువుకూ ఉండాలి. కనుక ‘ఇది వద్దు, అది కావాలి’ అనే హక్కు సేవాసంస్థలకు ఉండాల్సిందే. అయితే ఆ మాట ఆఫీసు గదిలో పుట్టకూడదు. బాధితుల గుమ్మంలో అడిగి తెలుసుకున్నదై ఉండాలి.

ఈ సంచిక వ్యాసాలన్నీ ఆ గుమ్మం దగ్గరే మొదలవుతాయి.

— సంపాదకుడు