రెండు చుక్కల నీలం కోసం

కారుకి గీత పడితే పెద్ద దిగులు లేదు. తలుపు పక్కనో బానెట్ కిందో అతికించిన చిన్న పట్టీ మీద రంగు నంబరు ఉంటుంది. అది చెబితే షాపులో కలిపిచ్చేస్తారు. సైకిలుకి ఆ భాగ్యం లేదు. మామూలుగా మనం కొనే సైకిళ్లకి రంగు ముద్దుపేరు తప్ప నంబరు ఉండదు. ఆ పేరు పట్టుకుని పెయింట్ల షాపుకెళ్లడమంటే చీరల కొట్లో 'వంకాయ రంగు' అనడమే. ఏ వంకాయ అని అడుగుతారు!

ఈ జ్ఞానమంతా మా మేనకోడలి పుణ్యం. విజయవాడలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ట్యూషన్‌కని స్నేహితురాలి సైకిలు అడిగి తీసుకుంటే, అది కాస్తా గోడకి రాసుకుని ఫ్రేము మీద వేలెడు పొడవున గీత పడింది. లోపలి ఇనుము తెల్లగా కనబడుతోంది. ఆ పిల్ల తండ్రి ఆటో నడిపి, పైసా పైసా కూడబెట్టి కొన్న సైకిలది. "మామయ్యా, జరిగింది చెప్పే ఇస్తాను. కానీ ఇలా మాత్రం ఇవ్వను" అంది. సోమవారం దాకా గడువు.

మా అక్కయ్య సలహా నెయిల్ పాలిష్. నవ్వకండి, అందులో సంగతుంది. 1920లలో కార్లకి వేసిన నైట్రోసెల్యులోజ్ లక్కరూ, గోళ్ల రంగూ ఒక జాతివే. బ్రష్ కూడా మూతకే ఉంటుంది. ఎరుపో నలుపో అయితే ఫ్యాన్సీ షాపులో పని అయిపోయేది. మాది బూడిద కలిసిన నీలం. ఆరు సీసాలు చూశాం, ఒక్కటీ దగ్గరకి రాలేదు.

విదేశాల్లో కొందరు తయారీదార్లు రాల్ నంబరు చెబుతారు. జర్మనీలో 1927లో 40 రంగులతో మొదలైన పట్టిక అది, ఇప్పుడు 200 దాటింది. అయితే ఆ నంబరున్నా గ్యారంటీ లేదు. రెండేళ్లు ఎండలో నిలబడ్డ సైకిలు, కొన్ననాటి రంగులో ఉండదు కదా. మనకి కావలసింది ఫ్యాక్టరీ రంగు కాదు, ఇవాళ్టి రంగు.

అందుకే సైకిలునే ఆటోనగర్ తీసుకెళ్లాం. అక్కడ లారీలకీ కార్లకీ రంగులు కలిపే మేస్త్రి ముందు గీత పక్కన కాస్త పాలిష్ రుద్దాడు. మురికి పోయాక గానీ అసలు రంగు బయటపడలేదు. తెలుపులో నీలం, నలుపు బొట్టు బొట్టుగా వేస్తూ, అట్టముక్క మీద రాసి, ఆరనిచ్చి, ఎండలోకి తెచ్చి ఫ్రేము పక్కన పెట్టాడు. ట్యూబ్‌లైటు కింద అచ్చుగుద్దినట్టున్నది, ఎండలో ఆకుపచ్చకి తిరిగింది. "తడి మీద చూసి కలిసిందనుకోకండి, ఆరితే మారుద్ది" అన్నాడు. ఐదోసారికి కుదిరింది. మెరుపు రజను కలిసిన మెటాలిక్ అయితే అసలు ఒప్పుకునేవాణ్ణి కాదన్నాడు. బ్రష్‌తో వేస్తే ఆ రజను ఒక పద్ధతిలో పరుచుకోదట, ఒకవైపు నుంచి కలిసినట్టుండి ఇంకోవైపు నుంచి నల్లగా కొడుతుంది.

రంగు కలవడం కంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఫ్రేము ఇనుముదైతే గీతని వదిలేయకూడదు. మన కోస్తా గాలికి వారంలో తుప్పు మొదలై, పక్కనున్న పెయింటు కిందకి కూడా పాకుతుంది. 400 నంబరు వాటర్ పేపర్‌తో తుప్పు వరకే గీకాలి. పొడిగా తుడిచి, ప్రైమర్ పలచగా. ఆరాక రంగు. బ్రష్ వద్దు, అగరుబత్తి పుల్ల కొసతో గీతలోకే దించాలి. లావుగా ఒక్కసారి కాదు, పలచగా రెండు మూడుసార్లు, మధ్యలో ఆరనిస్తూ. ముందుగా పెడల్ కింద కనబడనిచోట ఒక చుక్క వేసి చూసుకుంటే మేలు. పాత రంగు లేస్తోందేమో అక్కడే తెలిసిపోతుంది. అల్యూమినియం ఫ్రేముకి ఇంత హడావిడి అక్కర్లేదు, దానికి ఇనుములా తుప్పు పట్టదు.

సోమవారం సాయంత్రం మేనకోడలు ఫోన్ చేసింది. స్నేహితురాలు గీత ఎక్కడుందో చెప్పకుండానే పట్టేసిందట! పిల్లల కళ్లు మరి. వాళ్ల నాన్న మాత్రం వేలితో తడిమి, "గట్టిగానే వేశారు, తుప్పు పట్టదులే" అన్నాడట.

మేస్త్రి రెండు చుక్కలు కలపడం కుదరదని పావు డబ్బా కలిపాడు. మిగిలింది చిన్న సీసాలో పోసి, మూత బిగించి ఆ అమ్మాయికే ఇచ్చేసింది మావాళ్ల పిల్ల.