ఇఱుకగుచున్న ద్వారము

సాంఘిక మాధ్యమములు ప్రజల రచ్చబండలని వాని యజమానులు చెప్పుచున్నారు. రచ్చబండకు తలుపులుండునా? 2012లో ఫేస్‌బుక్కు 6,89,003 మందికి, వారి యెఱుక లేకయే, కనబడు వార్తలను మార్చి వారి మనోభావములు మాఱునా యని పరీక్షించెను. ఫలితములు 2014లో వెలువడెను. జనులను పరీక్షించుటకు సంకోచము లేదు. తమ్ము పరీక్షింప వచ్చు విద్వాంసులకు మాత్రము ద్వారము నానాటికి నిఱుకగుచున్నది! 2023లో ట్విట్టరు, పరిశోధకులు ఉచితముగా వాడుకొనుచుండిన సమాచారమార్గమును మూసెను. 2024 ఆగస్టు 14న మెటా, క్రౌడ్‌టాంగిల్ అను పరిశీలనసాధనమును తొలగించెను. ఐరోపా సమాఖ్య 2022 నాటి డిజిటల్ సేవల చట్టము, అర్హులగు పరిశోధకులకు సమాచారము నొసగవలెనని పెద్ద సంస్థలను శాసించినది. బడులలో డిజిటల్ విద్య నేర్పుదుమనువారిని మేమడుగుచున్నాము: మీట నొక్కుట నేర్పిన చాలునా? ఏ వార్త యేల తన కంటబడుచున్నదో యెఱుగనివాడు వోటరగును గాని పౌరుడెట్లగును? పరిశోధన లేనిదే యుపాధ్యాయుడు దాని నెట్లు బోధించును? అట్టి శాసనము మనకును వలయును.