అడిగేవారు లేరు.. చెప్పుకొనేవారూ లేరు!

చిలమత్తూరు: లైంగిక ఆరోగ్యంపై పల్లె యువత స్థితిగతులను తెలుసుకొనే పనిలో వైద్య విద్యార్థుల సాయం తీసుకోవాలన్న ఆలోచన బాగానే ఉంది. ఆచరణే కష్టతరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకమునుపే వివాహమైంది.

బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి హెచ్‌ఐవీ రోగులపై జరిగిన అధ్యయనాలు అంతర్జాతీయ వైద్య పత్రికలకెక్కాయి. అయితే అవి ఆసుపత్రి గడప తొక్కినవారి లెక్కలు. తొక్కనివారి సంగతేమిటి? ఊళ్లోని ఆశా కార్యకర్త వరుసకు అత్తో, పిన్నో అవుతుంది. ఆమె ఎదుట పెళ్లికాని పిల్ల నోరు విప్పదు. ఎక్కడినుంచో వచ్చిన తన ఈడు వైద్య విద్యార్థిని వద్ద విప్పవచ్చు. 2021-22 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులకు గ్రామాల్లో కుటుంబాల దత్తత విధానం ఉండనే ఉంది.

చిక్కంతా సమ్మతి దగ్గరే. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల మేరకు 18 ఏళ్లలోపు వారిని పరిశోధనలో చేర్చుకోవాలంటే సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి కావాలి. తండ్రి సంతకం చేసిన కాగితం ముందు కూతురు ఏం చెబుతుంది? పైగా బాలలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు అధికారులకు తెలపాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. మైనరు భార్యతో సంసారమూ అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. అంటే బాల్యవివాహమైన బాలిక విషయంలో విద్యార్థి ఇచ్చిన గోప్యత హామీ నిలవదు.

కనుక 18 నిండినవారితో, డిగ్రీ కళాశాలల రెడ్ రిబ్బన్ క్లబ్బుల ద్వారా, పేర్లు రాయని ప్రశ్నావళితో మొదలుపెట్టడమే ఉచితం. కళాశాల మెట్టెక్కని పిల్లలు ఇందులోకి రారన్నదీ నిజమే. చికిత్స అవసరమైనవారిని హిందూపురం ప్రభుత్వాసుపత్రికి పంపే ఏర్పాటు మాత్రం మొదటి ప్రశ్న అడగకముందే జరగాలి.