పూడికతీతకు విడిగా పద్దు పెట్టించండి

జిల్లా కలెక్టర్ గారికి,

నేను గోదావరి డెల్టా రైతుని. మా వీధి మురుగు కాలువ ఒకప్పుడు నడుములోతు, ఇప్పుడు జానెడు. మొన్నటి వానకి నల్లనీరు గడప దాటొచ్చి వడ్ల బస్తాల అడుగులు తడిపేసింది.

పంచాయతీలో అడిగితే డబ్బుల్లేవన్నారు. వసూలైన ఇంటి పన్ను వీధిదీపాల బిల్లుకీ, పారిశుద్ధ్య కార్మికుల జీతాలకే చాలడం లేదట. వాళ్లని తప్పుపట్టలేను. కానీ 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన 2021-26 గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే కేటాయించారు కదా! మా ఊళ్లో కొత్త సిమెంటు కాలువలకి అంచనాలు వేస్తున్నారు, ఉన్నదాంట్లో పూడిక తీయడానికి ఎవరూ పద్దు రాయరు.

ప్రతి పంచాయతీ బడ్జెట్లో ఆ పద్దు పెట్టించండి. నైరుతి రాకముందే, మే నెలలోనే పని చేయించండి. తీసిన మట్టిని తరలించే ట్రాక్టరు బాడుగ కూడా అందులోనే కలపండి. గట్టు మీదే వదిలేస్తే తొలివానకే మళ్లీ కాలువలోకి జారుతుంది.

ఇట్లు,
ఏటా ఇంటి పన్ను కట్టే ఒక రైతు